క్రాస్ ప్లాట్‌ఫామ్ ఇన్‌స్టాలర్ బిల్డర్: మీ ప్రాజెక్ట్‌కి ఏది సెట్ అవుతుంది? నేను చేసిన తప్పుతో సహా

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లేనా? ఈసారి సొంతంగా సాఫ్ట్‌వేర్ తయారు చేసే వాళ్ళకి పనికొచ్చే టాపిక్ తీసుకున్నా. కోడ్ రాశారు, మీ ల్యాప్‌టాప్‌లో సూపర్‌గా రన్ అవుతోంది. దాన్ని విండోస్, మ్యాక్, లైనక్స్ వాడే వాళ్ళందరికీ ఇవ్వాలి. అప్పుడు కావాల్సిందే ఇన్‌స్టాలర్ బిల్డర్. గూగుల్ చేస్తే పది పేర్లు వస్తాయి. ఏది తీసుకోవాలి?

నేను దీన్ని కష్టపడి నేర్చుకున్నా. ఇంకా చెప్పాలంటే, నా వల్ల వేరే అమ్మాయి కష్టపడితే నేర్చుకున్నా. ముందు అదే చెప్తా.

అసలేం జరిగిందంటే

నేను డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరా. ఈసెట్ అంటే 200 ప్రశ్నలు, 3 గంటలు. మా పాలిటెక్నిక్ జూనియర్స్ కోసం పైథాన్‌లో ఒక చిన్న మాక్ టెస్ట్ యాప్ రాశా. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. టైమర్ ఉంటుంది. తప్పు చేసిన ప్రశ్నలకి స్టార్ పెట్టుకుంటే, చివర్లో అవి మాత్రమే రివిజన్ చేసుకోవచ్చు.

విండోస్ కోసం యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి, అరగంటలో ఎన్‌ఎస్‌ఐఎస్‌తో ఇన్‌స్టాలర్ తయారు చేశా. నా ల్యాప్‌టాప్‌లో నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అంతా ఓకే. ఎగిరి గంతేసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశా.

రెండు నెలలకి కొత్త ప్రశ్నలు కలిపి వెర్షన్ 2 ఇచ్చా. ఆ రాత్రే ఒక జూనియర్ నుంచి మెసేజ్: "అన్నా, అప్‌డేట్ చేశాక నా స్టార్ ప్రశ్నలన్నీ పోయాయి. ఎక్కడున్నాయో చెప్పవా?"

ఎక్కడా లేవు. నేను స్కోర్ల డేటాబేస్ ఫైల్‌ని యాప్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టా. కొత్త ఇన్‌స్టాలర్ ముందుగా పాత వెర్షన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తుంది. ఆ అన్‌ఇన్‌స్టాలర్‌లో, వీడియోలో చూసి యథాతథంగా దించిన ఒక లైన్ ఉంది. ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ని లోపలున్న వాటన్నిటితో సహా తీసెయ్ అని దానర్థం. అది చెప్పిన పని చేసింది. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళవు, నేరుగా డిలీట్. ఎగ్జామ్‌కి మూడు వారాలుంది. ఆ అమ్మాయి మూడు వందలకు పైగా ప్రశ్నలకి స్టార్ పెట్టుకుందట.

తప్పు ఎన్‌ఎస్‌ఐఎస్‌ది కాదు, నూటికి నూరు పాళ్ళూ నాదే. కానీ అప్పుడు ఒక విషయం అర్థమైంది. నేను టూల్‌ని ఎంచుకున్నది "నాకు ఎంత ఈజీ" అని చూసి. చూడాల్సింది అవతలి వాళ్ళ కంప్యూటర్‌లో ఏం జరుగుతుందని. ఇన్‌స్టాల్, అప్‌డేట్, అన్‌ఇన్‌స్టాల్, ఈ మూడు పనులూ సేఫ్‌గా జరగాలి. ఇంట గెలిచిన సాఫ్ట్‌వేర్ రచ్చ గెలవాలంటే ఇవే పరీక్షలు.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ క్లియర్ చేసుకుందాం

చాలామంది రెండు పనుల్ని కలిపేస్తారు.

మొదటిది బండిల్ చేయడం. మీ కోడ్, దానికి కావాల్సిన లైబ్రరీలు, రన్‌టైమ్ అన్నీ ఒక చోట చేర్చడం. పైథాన్ వాళ్ళు వాడే పైఇన్‌స్టాలర్ చేసేది ఇదే. పేరులో ఇన్‌స్టాలర్ ఉన్నా అది ఇన్‌స్టాలర్ తయారు చేయదు.

రెండోది ఇన్‌స్టాలర్ తయారు చేయడం. ఆ బండిల్‌ని యూజర్ కంప్యూటర్‌లో సరైన ఫోల్డర్‌లో పెట్టడం, స్టార్ట్ మెనూలో షార్ట్‌కట్ ఇవ్వడం, పాత వెర్షన్ ఉంటే గుర్తుపట్టడం, వద్దనుకుంటే శుభ్రంగా తీసేయడం.

ఇది ఎందుకు ముఖ్యమంటే, "క్రాస్ ప్లాట్‌ఫామ్" అనే మాటలో ఒక మెలిక ఉంది. కొన్ని ఇన్‌స్టాలర్ బిల్డర్లు ఒకే కంప్యూటర్‌లో కూర్చుని మూడు ఓఎస్‌లకీ ఇన్‌స్టాలర్లు తయారు చేస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ లోపల పెట్టే యాప్ సంగతేంటి? పైఇన్‌స్టాలర్ విండోస్‌లో రన్ చేస్తే విండోస్ యాప్, లైనక్స్‌లో రన్ చేస్తే లైనక్స్ యాప్ మాత్రమే ఇస్తుంది. అంటే ఎలాగూ మీకు మూడు మెషిన్లు కావాలి. అలాంటప్పుడు "ఒకే చోట నుంచి అన్నీ" అనే ఫీచర్‌కి డబ్బులు పెట్టి ప్రయోజనం తక్కువ. జావా అయితే కథ వేరు. కంపైల్ అయిన జావా కోడ్ ఎక్కడైనా ఒకటే కాబట్టి అక్కడ ఆ ఫీచర్ నిజంగా పనికొస్తుంది.

మూడు ఓఎస్‌లు, మూడు రకాల పేచీలు

విండోస్: ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టాలంటే అడ్మిన్ పర్మిషన్ కావాలి. నా వెర్షన్ 1 కాలేజ్ ల్యాబ్‌లో అక్కడే ఆగిపోయింది. స్టూడెంట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ల్యాబ్ సార్ దగ్గర ఉంటుంది, సార్ లీవ్‌లో ఉన్నారు. యూజర్ సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ఈ గొడవే ఉండదు. కాబట్టి మీరు ఎంచుకునే టూల్ అడ్మిన్ లేకుండా ఇన్‌స్టాల్ చేయగలదా అనేది తప్పకుండా చూడండి. దీంతోపాటు సైన్ చేయని, కొత్త ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేస్తే స్మార్ట్‌స్క్రీన్ నీలం రంగు హెచ్చరిక చూపిస్తుంది. "వైరసా బ్రో?" అని అడిగే వాళ్ళకి మీరు జవాబు చెప్పుకోవాలి.

మ్యాక్: 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి, యాప్ స్టోర్ బయట ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ని ఆపిల్ దగ్గర నోటరైజ్ చేయించాలి. దానికి ఆపిల్ డెవలపర్ ప్రోగ్రామ్ మెంబర్‌షిప్ ఉండాలి, ఏడాదికి 99 డాలర్లు. చేయించకపోతే గేట్‌కీపర్ అడ్డుకుంటుంది. ఇంతకుముందు రైట్ క్లిక్ చేసి ఓపెన్ కొడితే తప్పించుకునే దారి ఉండేది. సెకోయా వెర్షన్‌లో ఆపిల్ అదీ మూసేసింది. ఇప్పుడు యూజర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి ఒప్పుకోవాలి. మామూలు యూజర్ అంత దూరం వెళ్తాడా, మీరే ఆలోచించండి.

లైనక్స్: ఇక్కడ డబ్బులు అడగరు, రకాలు అడుగుతారు. ఉబుంటు, డెబియన్‌కి డెబ్ ప్యాకేజ్. ఫెడోరాకి ఆర్‌పీఎమ్. ఏ డిస్ట్రో అయినా సరే అంటే యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్. యాప్‌ఇమేజ్ సింపుల్, ఒకే ఫైల్, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి డబుల్ క్లిక్ చేస్తే చాలు. కానీ పాత తరహా రన్‌టైమ్‌తో చేసిన యాప్‌ఇమేజ్‌కి ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి. ఉబుంటు 22.04లో అది ముందే ఇన్‌స్టాల్ అయి ఉండదు. ఇంకో ముఖ్యమైన విషయం: లేటెస్ట్ ఉబుంటులో బిల్డ్ చేస్తే పాత ఉబుంటులో ఓపెన్ కాకపోవచ్చు, జీలిబ్‌సీ వెర్షన్ సరిపోదు. మీరు సపోర్ట్ చేయాలనుకునే వాటిలో అన్నిటికన్నా పాత వెర్షన్‌లో బిల్డ్ చేయండి.

ఇప్పుడు టూల్స్ సంగతి

ఇన్నో సెటప్. విండోస్‌కి మాత్రమే. 1997 నుంచి ఉంది. స్క్రిప్ట్ చదవడానికి తేలిక, ఇంకా లోతుగా కావాలంటే పాస్కల్‌లో కోడ్ రాయొచ్చు. అడ్మిన్ అక్కర్లేని ఇన్‌స్టాల్‌కి ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు. నాకు బాగా నచ్చింది దీని అన్‌ఇన్‌స్టాలర్. మామూలుగా అది తాను పెట్టిన ఫైల్స్‌నే తీస్తుంది. యాప్ తర్వాత సృష్టించిన ఫైల్స్‌ని, మీరు ప్రత్యేకంగా చెప్తే తప్ప ముట్టుకోదు. నేను వెర్షన్ 1కి ఇది వాడి ఉంటే ఆ అమ్మాయి స్టార్లు మిగిలేవి.

ఎన్‌ఎస్‌ఐఎస్. ఇది కూడా విండోస్‌కే. విన్‌యాంప్ గుర్తుందా? అది తయారు చేసిన నల్‌సాఫ్ట్ నుంచే వచ్చింది. ఇన్‌స్టాలర్ సైజ్ చిన్నగా ఉంటుంది. లైనక్స్ మెషిన్‌లో కూర్చుని కూడా విండోస్ ఇన్‌స్టాలర్ కంపైల్ చేయొచ్చు. అయితే ప్రతిదీ మీరే రాయాలి, కాబట్టి ప్రతి తప్పూ మీదే. ఫోల్డర్ మొత్తం తీసేసే ఆ లైన్ ఎంత డేంజర్ అంటే, యూజర్ పొరపాటున ప్రోగ్రామ్ ఫైల్స్‌నే ఇన్‌స్టాల్ ఫోల్డర్‌గా ఎంచుకుంటే అందులోని మిగతా సాఫ్ట్‌వేర్లకీ ఎసరొస్తుంది.

విక్స్. ఎక్స్‌ఎమ్‌ఎల్ రాస్తే ఎమ్‌ఎస్‌ఐ ఫైల్ ఇస్తుంది. నేర్చుకోవడం కష్టం. ఒక ఆఫీసులో వందల కంప్యూటర్లకి నెట్‌వర్క్ నుంచి ఒకేసారి వేయాలంటే ఐటీ వాళ్ళు అడిగేది ఎమ్‌ఎస్‌ఐనే. స్టూడెంట్ ప్రాజెక్ట్‌కి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఎలక్ట్రాన్ బిల్డర్. మీ యాప్ ఎలక్ట్రాన్‌లో ఉంటే ఇంక వేరే వెతకొద్దు. విండోస్‌కి లోపల ఎన్‌ఎస్‌ఐఎస్‌నే వాడుకుంటుంది, మ్యాక్‌కి డీఎమ్‌జీ, లైనక్స్‌కి యాప్‌ఇమేజ్, డెబ్ ఇస్తుంది. ఆటో అప్‌డేట్ కూడా ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేసినా యూజర్ డేటాని తనంతట తాను తీయదు. మ్యాక్ సైనింగ్‌కి మాత్రం మ్యాక్ మెషిన్ కావాలి.

టౌరీ. రస్ట్, వెబ్ కలిపి రాసే వాళ్ళకి. ఎమ్‌ఎస్‌ఐ, ఎన్‌ఎస్‌ఐఎస్, డీఎమ్‌జీ, డెబ్, ఆర్‌పీఎమ్, యాప్‌ఇమేజ్ అన్నీ దాని సొంత కమాండ్‌తోనే వస్తాయి. ఓఎస్‌లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది కాబట్టి సైజ్ తక్కువ. మొబైల్ డేటాతో డౌన్‌లోడ్ చేసుకునే యూజర్లకి ఇది పెద్ద ప్లస్.

జెప్యాకేజ్. జావా వాళ్ళకి ఫ్రీగా జేడీకేతోనే వస్తుంది. జేడీకే 14లో ప్రయోగంగా వచ్చి, 16 నుంచి పర్మనెంట్ అయింది. ఏ ఓఎస్‌లో రన్ చేస్తే ఆ ఓఎస్ ప్యాకేజే ఇస్తుంది.

ఇన్‌స్టాల్‌ఫోర్‌జె. ఇదీ జావాకే, కానీ పెయిడ్. ఒకే మెషిన్ నుంచి మూడు ఓఎస్‌లకీ ఇన్‌స్టాలర్లు తీస్తుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లకి ఫ్రీ లైసెన్స్ ఇస్తారు.

ఇన్‌స్టాల్‌బిల్డర్. ఏ లాంగ్వేజ్ అయినా సరే. ఒకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రాజెక్ట్ ఫైల్ నుంచి విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఒకే రకమైన స్క్రీన్లు ఉండే ఇన్‌స్టాలర్ వస్తుంది. ఇది కూడా పెయిడే. యాప్‌తోపాటు డేటాబేస్, వెబ్ సర్వర్, బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ లాంటివి కలిపి ఇన్‌స్టాల్ చేయాల్సిన పెద్ద ప్రాజెక్ట్‌లకి దీని విలువ తెలుస్తుంది.

క్యూటీ ఇన్‌స్టాలర్ ఫ్రేమ్‌వర్క్. ఓపెన్ సోర్స్. క్యూటీ సొంత ఇన్‌స్టాలర్ దీంతోనే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌ని భాగాలుగా విడగొట్టి "ఇది కావాలా, అది కావాలా" అని అడగొచ్చు. ఆన్‌లైన్ రిపాజిటరీ పెట్టుకుంటే తర్వాత మెయింటెనెన్స్ టూల్ ద్వారా మారిన భాగాలు మాత్రమే అప్‌డేట్ అవుతాయి. మామూలుగా ఒక్కో ఓఎస్‌కి ఆ ఓఎస్‌లోనే బిల్డ్ చేసుకోవాలి.

సీప్యాక్. సీ ప్లస్ ప్లస్ వాళ్ళు సీమేక్ వాడుతుంటే ఇది ఆల్రెడీ మీ చేతిలో ఉన్నట్టే. తాను స్వయంగా ఇన్‌స్టాలర్ కాదు. మీ సెట్టింగ్స్ తీసుకుని ఎన్‌ఎస్‌ఐఎస్, విక్స్, డెబ్, ఆర్‌పీఎమ్, డీఎమ్‌జీ లాంటి వాటికి పని అప్పగిస్తుంది.

ఎంచుకునే ముందు ఈ నాలుగు ప్రశ్నలు

ఒకటి, నా యూజర్లు నిజంగా ఏ ఓఎస్‌లో ఉన్నారు? నేను గ్రూప్‌లో పోల్ పెట్టా. విండోస్ వాళ్ళే ఎక్కువ, ల్యాబ్ పుణ్యమా అని కొంతమంది ఉబుంటు. మ్యాక్ ఒక్కరు కూడా లేరు. మరి 99 డాలర్లు ఎందుకు? మ్యాక్ అడిగే వాళ్ళు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నా.

రెండు, నా లాంగ్వేజ్ లేదా ఫ్రేమ్‌వర్క్‌తో సొంత టూల్ వస్తుందా? వస్తే అదే ఫస్ట్ ఛాయిస్. ఎలక్ట్రాన్, టౌరీ, జావా, సీమేక్ వాళ్ళకి ఇక్కడితోనే సగం నిర్ణయం అయిపోతుంది.

మూడు, ఒక్క యాప్ కాపీ చేస్తే చాలా, లేక ఆప్షనల్ భాగాలు, సర్వీసులు కూడా ఉన్నాయా? ఒక్క యాప్ అయితే ఏ ఓఎస్‌కి ఆ ఓఎస్ సొంత పద్ధతే యూజర్‌కి అలవాటుగా ఉంటుంది. మ్యాక్ యూజర్ డీఎమ్‌జీ నుంచి లాగి అప్లికేషన్స్‌లో పడేయడానికి అలవాటు పడ్డాడు, అతనికి పది స్క్రీన్ల విజార్డ్ చూపిస్తే చిరాకు. భాగాలు, సర్వీసులు ఉంటే మాత్రం ఇన్‌స్టాల్‌బిల్డర్, క్యూటీ ఫ్రేమ్‌వర్క్ లాంటి నిజమైన క్రాస్ ప్లాట్‌ఫామ్ బిల్డర్ తీసుకోండి. మూడు వేర్వేరు స్క్రిప్ట్‌లు మెయింటైన్ చేయడం నరకం.

నాలుగు, వెర్షన్ 2 ఎలా ఇస్తా? దీన్ని వెర్షన్ 1 ఇవ్వకముందే అడగాలి. ఇన్నో సెటప్‌లో యాప్ ఐడీ, ఎమ్‌ఎస్‌ఐలో అప్‌గ్రేడ్ కోడ్ అని ఉంటాయి. పాత వెర్షన్‌ని గుర్తుపట్టేది వాటితోనే. ఒకసారి పెట్టాక మార్చకండి. మారిస్తే యూజర్ కంప్యూటర్‌లో ఒకే యాప్ రెండుసార్లు కనిపిస్తుంది.

యూజర్ డేటా ఎక్కడ పెట్టాలి?

ఏ టూల్ వాడినా ఈ రూల్ ఒకటే: యాప్ వేరు, డేటా వేరు. విండోస్‌లో యాప్‌డేటా ఫోల్డర్. మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్. లైనక్స్‌లో హోమ్ ఫోల్డర్ లోపల డాట్ లోకల్‌లోని షేర్. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డేటా తీసేయాలంటే యూజర్‌ని అడగండి, డిఫాల్ట్ జవాబు "వద్దు" అని ఉండాలి.

సైనింగ్ ఖర్చు గురించి ఒక మాట

విండోస్ సర్టిఫికెట్ కొనాలంటే డబ్బులొక్కటే కాదు. 2023 జూన్ నుంచి దాని ప్రైవేట్ కీ హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, అలాంటి భద్రత ఉన్న క్లౌడ్ సర్వీస్‌లోనో ఉండాలనే రూల్ వచ్చింది. మీ ప్రాజెక్ట్ ఓపెన్ సోర్స్ అయితే సైన్‌పాత్ ఫౌండేషన్ ఫ్రీగా సైనింగ్ ఇస్తుంది, అప్లై చేసి చూడండి. ఏదీ కుదరకపోతే కనీసం యూజర్‌కి ముందే చెప్పండి, హెచ్చరిక వస్తుంది, కారణం ఇదీ అని. "యాంటీవైరస్ ఆఫ్ చేసుకోండి" అని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. అది మన యూజర్లకి తప్పుడు అలవాటు నేర్పడమే.

రిలీజ్‌కి ముందు నేను చేసే టెస్ట్

మీ ల్యాప్‌టాప్‌లో కాదు, పైథాన్, జావా ఏమీ లేని ఫ్రెష్ వర్చువల్ మెషిన్‌లో చేయండి.

1. అడ్మిన్ కాని అకౌంట్‌తో ఇన్‌స్టాల్ చేయండి.
2. యూజర్ పేరులో స్పేస్ పెట్టి ఒకసారి, తెలుగులో పేరు పెట్టి ఇంకోసారి చూడండి. ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే పగిలిపోయే యాప్‌లు ఇప్పటికీ ఉన్నాయి.
3. యాప్‌లో కొంచెం డేటా ఎంటర్ చేసి, దాని మీద కొత్త వెర్షన్ వేయండి. డేటా ఉందా?
4. యాప్ ఓపెన్‌లో ఉండగానే అప్‌డేట్ చేయండి. పక్కాగా ఎవరో ఒకరు అలాగే చేస్తారు.
5. అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి. డేటా ఇంకా ఉందా?

నేను 3, 5 చేసి ఉంటే ఈ ఆర్టికల్ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా.

చివరికి నేను ఏది ఎంచుకున్నా?

నాది పైథాన్, ఒకే యాప్, రెండు ఓఎస్‌లు. కాబట్టి బండిల్‌కి పైఇన్‌స్టాలర్, విండోస్‌కి ఇన్నో సెటప్, ఉబుంటుకి యాప్‌ఇమేజ్. రెండు మెషిన్ల పని గిట్‌హబ్ యాక్షన్స్‌కి అప్పగించా. పబ్లిక్ ప్రాజెక్ట్‌లకి అది ఫ్రీ. విండోస్, లైనక్స్, మ్యాక్ మూడూ అక్కడ దొరుకుతాయి, మీకు మ్యాక్ లేకపోయినా మ్యాక్ బిల్డ్ తీయొచ్చు. అంటే క్రాస్ ప్లాట్‌ఫామ్ బిల్డర్ వెతుకుతూ బయల్దేరి, నాకు అది అక్కర్లేదని తేల్చుకున్నా. మీ ప్రాజెక్ట్‌లో సర్వర్, డేటాబేస్ ఉంటే మీ జవాబు నాది కాదు. పైన నాలుగు ప్రశ్నలు అడిగి చూసుకోండి.

ఆ జూనియర్ అప్పటికే యాప్ పక్కన పెట్టేసి, పాత పేపర్లు మళ్ళీ చేసి తప్పుల్ని నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. వారం తర్వాత నేను కొత్త ఇన్‌స్టాలర్ పంపి, సారీ చెప్పి, ఏం మార్చానో మొత్తం వివరంగా రాశా. ఇన్నో సెటప్ గురించి, యాప్‌డేటా గురించి పెద్ద మెసేజ్. తను ఒకటే అడిగింది: "ఈసారి పోవు కదా అన్నా?"

పోవు అని చెప్పేముందు ఇంకోసారి వర్చువల్ మెషిన్ ఓపెన్ చేసి, 3, 5 టెస్ట్‌లు మళ్ళీ చేశా. ఆ తర్వాతే రిప్లై ఇచ్చా.

మీ యూజర్ ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే మీరు ధైర్యంగా ఏం చెప్పగలరో చూసుకోండి. అలా చెప్పించగలిగే టూలే మీకు సరైన టూల్. మీ ప్రాజెక్ట్ ఏ లాంగ్వేజ్‌లో ఉంది, ఏది వాడుతున్నారు, కింద కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం!